మేనల్లుడికి, చెకుముకి రైఫిల్ తయారీ గురించి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పెన్సిల్వేనియా లాంగ్ రైఫిల్‌ను నీ చేతులతో నీవే తయారు చేసుకోవాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. చాలాకాలంగా పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ పరిసరాల్లో ఉంటూ, ఇక్కడి పనివారి పక్కన కూర్చుని నేర్చుకున్నవాడిని కనుక నాకు తెలిసినంత రాస్తున్నాను. ఈ తుపాకీ కుదురుతుందా లేదా అన్నది ఉలి పట్టకముందే కాగితం మీద సగం తేలిపోతుంది. మిగతా సగం రంజకపు రంధ్రం (బయట అంటించిన రంజకం, అంటే ముట్టింపు మందు, నిప్పు గొట్టంలోకి దూరే బెజ్జం) ఎక్కడ పడిందన్న దానిలోనూ, కర్రను ఎంత సన్నగా తీయగలిగావన్న దానిలోనూ తేలుతుంది. నీవు ఉత్తరంలో ఎక్కువగా అడిగిన ఇత్తడి పని, చెక్కడపు పని వీటి తరువాతి మాటలు.

పనిలోకి దిగే ముందు చట్టం సంగతి చూసుకో. అమెరికాలో 1968 నాటి తుపాకుల చట్టం, మూతి నుంచి నల్ల తుపాకీమందు దట్టించి చెకుముకి రాయితో పేల్చే తుపాకులను, అవి కొత్తగా చేసినవైనా, పురాతన ఆయుధాల కిందే లెక్కిస్తుంది. అయితే రాష్ట్రాల చట్టాలు ఒకే తీరుగా ఉండవు. న్యూజెర్సీలో ఇటువంటి వాటికి కూడా అనుమతి పత్రం కావాలి. నీవు పౌరసత్వం తీసుకున్నావు కాబట్టి ఇబ్బంది లేదు గాని, వీసా మీద ఉన్న నీ స్నేహితుడు కూడా చేస్తానంటున్నాడని రాశావు. అతడు ముందుగా న్యాయవాదిని సంప్రదించాలి. ఇండియాలోని మీ తమ్ముడికి ఈ ఉత్తరం పంపితే చదువుకోవడానికి మాత్రమే పంపు. అక్కడ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడం నేరం, అది సరదా కోసం చేసినదైనా సరే. మన ఏజెన్సీ ప్రాంతాల్లో నాటు తుపాకుల మీద కేసులు పెట్టేది ఆ చట్టం కిందనే.

ఇక అసలు విషయం. పద్దెనిమిదో శతాబ్దంలో జర్మన్ ప్రాంతాల నుంచి పెన్సిల్వేనియాకు వచ్చి స్థిరపడిన తుపాకీ పనివారు తమ దేశపు పొట్టి, లావు వేట తుపాకీని ఇక్కడి అడవులకు తగినట్టు మార్చుకున్నారు. గొట్టం పొడవు పెరిగి నలభై అంగుళాలు దాటింది, గుండు చిన్నదయింది, ఆ మేరకు సీసమూ మందూ ఆదా అయ్యాయి. ఒక్కొక్క ఊరి చుట్టూ ఒక్కొక్క బాణీ ఏర్పడింది. లాంకాస్టర్ తుపాకీకి మడమ (భుజాన ఆనే చివర) నుంచి మణికట్టు (ట్రిగ్గర్ వెనుక చేత్తో పట్టే సన్నని భాగం) దాకా కింది అంచు దాదాపు తిన్నగా సాగుతుంది. అదే రాష్ట్రంలోని బెత్లెహెం, లీహై ప్రాంతాల తుపాకీకి అక్కడే మెత్తని వంపు ఉంటుంది. నీవు చేయబోయేది ఏ ఊరిదో, ఏ దశాబ్దానిదో ముందే తేల్చుకోవాలి. లాంకాస్టర్ మడమకు బెత్లెహెం మణికట్టు, 1770 నాటి రూపానికి 1810 నాటి ఇత్తడి పెట్టె (మడమ పక్కన గుడ్డముక్కలు దాచుకునే మూత అర) తగిలిస్తే, ఎంత నున్నగా చేసినా తెలిసినవారి కళ్లు అక్కడే ఆగిపోతాయి. మొదటిసారి చేసేవారికి లాంకాస్టర్ బాణీయే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే తిన్నని గీతలో తప్పు వెంటనే కనబడుతుంది, దిద్దుకోవడానికీ వీలుంటుంది. లాంకాస్టర్ తుపాకీ పనివాడు జేకబ్ డికర్ట్ (1740–1822) తుపాకులను ఆదర్శంగా పెట్టుకో. ఫోటోలు చూసి సరిపెట్టుకోకు. లాండిస్ వ్యాలీ మ్యూజియంలోనూ, నజరెత్ దగ్గరి పెన్సిల్వేనియా లాంగ్ రైఫిల్ మ్యూజియంలోనూ అసలైన వాటిని పక్కనుంచి, పైనుంచి చూడు. ముఖ్యంగా పైనుంచి చూడు. ఫోటోల్లో ఎప్పుడూ కనబడనిది ఆ సన్నదనమే.

చూసి వచ్చాక నిలువెత్తు కాగితం మీద పూర్తి కొలతలతో బొమ్మ గీయి. భుజాన ఆనే మడమ నుంచి ట్రిగ్గర్ దాకా దూరం పాత తుపాకుల్లో సుమారు 13 1/2 అంగుళాలు ఉండేది. నీవు పొడగరివి కనుక కొద్దిగా పెంచుకోవచ్చు. ఈ బొమ్మ మీదే గొట్టం వెనుక భాగం, తాళం (చెకుముకిని కొట్టి నిప్పురవ్వ పుట్టించే యంత్రం), ట్రిగ్గర్, మందు దట్టించే కర్ర తాలూకు రంధ్రం, వాటిని పట్టి ఉంచే మరలు ఒకదానికొకటి అడ్డం రాకుండా ఎలా ఇముడుతాయో గీసి చూడాలి. బొమ్మలో ఇమడనిది కర్రలో ఇమడదు.

గొట్టాన్ని నీవు చేయకు. పేరున్న గొట్టాల తయారీదారు దగ్గర కొను, దాని వెనుక చివరను మూసే బిరడాను కూడా వారి చేతనే బిగింపించుకో. పేలుడు జరిగేది ముఖానికి జానెడు దూరంలో. అక్కడ ప్రయోగాలకు చోటు లేదు. ఎనిమిది పలకల గొట్టాల్లో, వెనుక దాదాపు అంగుళం లావుండి, నడుమ ముప్పావు అంగుళం దాకా సన్నబడి, మూతి దగ్గర మళ్లీ కొద్దిగా ఒళ్లు చేసే రకాన్ని తీసుకో. కొంచెం ఖరీదే అయినా చేతిలో తూకం వెంటనే తెలుస్తుంది. తాళం కూడా మంచిది కొను. నాసిరకం స్ప్రింగుతో నిప్పురవ్వ రాని తాళాన్ని ఎంత ఓపికా బాగుచేయలేదు. కర్ర విషయానికి వస్తే బాగా ఆరిన మేపుల్ కావాలి. పులిచారలు మెరిసే పలక చూడగానే మనసు పారేసుకోకు. మణికట్టు భాగంలో కర్ర నార పొడుగునా తిన్నగా సాగుతోందా లేదా అన్నదే మొదట చూడాలి, పాత తుపాకులు ఎక్కువగా విరిగింది ఆ చోటే. గొట్టం కూర్చునే గాడి, దట్టించే కర్ర రంధ్రం యంత్రం మీద ముందే తీసి ఇచ్చే దుకాణాలున్నాయి. మొదటిదానికి అలా తీయించుకోవడంలో చిన్నతనమేమీ లేదు, ఎందుకంటే పొడుగాటి సన్నని రంధ్రం దారి తప్పి గొట్టం వైపుకో బయటికో పొడుచుకువస్తే పలక మొత్తం పోయినట్టే. గొట్టానికీ ఆ రంధ్రానికీ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు కర్ర మిగిలితే చాలు. అంతకంటే ఎక్కువ మిగిలితే ముందు భాగం లావెక్కి తుపాకీ మొద్దులా కనబడుతుంది.

లోహాన్ని కర్రలో కూర్చోబెట్టే పనికే నీ సమయంలో పెద్ద వాటా పోతుంది, పోనివ్వాలి. లోహపు భాగాన్ని దీపం మసి మీద పట్టి పలుచగా నలుపు ఎక్కించి, గాడిలో నిలువుగా దించి, చిన్న సుత్తితో మెల్లగా తట్టి పైకి తీయి. కర్ర మీద నల్లటి చుక్క ఎక్కడ పడిందో అక్కడ మాత్రమే ఉలితో కాగితమంత మందం గీకాలి. మళ్లీ మసి పట్టు, మళ్లీ దించు. మొదట్లో రెండు మూడు చుక్కలే పడతాయి. క్రమంగా గాడి అడుగంతా మచ్చలు పరుచుకుంటాయి. అప్పుడు లోహం నిజంగా ఆనినట్టు. చుక్క పడని చోట ఉలి పెట్టావా, ఆ సందు చివరిదాకా నిన్ను వెక్కిరిస్తుంది. ఉలి మీద వెంట్రుక తెగేంత పదునుండాలని వేరే చెప్పనక్కరలేదు. మేపుల్ చారల దగ్గర నార పైకీ కిందికీ తిరుగుతుంటుంది కాబట్టి మొద్దు ఉలి కోయదు, పెళ్లగిస్తుంది.

గొట్టం కూర్చున్నాక తాళం. ఇక్కడ తొందర వద్దు. గొట్టం వెనుక బిరడా లోపల ఎంత దూరం వచ్చిందో కొలిచి, దాని ముఖం ఎక్కడుందో గొట్టం బయటి పలక మీద సన్నని గీత గీసుకో. రంజకపు రంధ్రం ఆ గీతకు సరిగ్గా ముందు పడాలి. మరీ ముందుకు పోతే వెనుక మసి పేరుకునే జేబు మిగులుతుంది, వెనక్కి పోతే బిరడాలోకే రంధ్రం పడుతుంది. అదే రంధ్రం తాళం మీది రంజకపు పళ్లెం పొడవుకు నడుమనా, పళ్లెం పై అంచుకు సమానమైన ఎత్తులోనూ ఉండాలి. అంటే తాళాన్ని ఎక్కడ పెట్టాలో నీవు నిర్ణయించడం లేదు, గొట్టం లోపలి బిరడా నిర్ణయిస్తోంది. తాళం చోటు తేలితే ట్రిగ్గర్ చోటు తేలుతుంది, ట్రిగ్గర్‌తో దాని రక్షణ కమ్మీ, దానితో మణికట్టు పొడవు, మడమ దూరం వరుసగా తేలిపోతాయి. తాళం పలకను దించేటప్పుడు లోపలి స్ప్రింగులన్నీ విప్పి, ఒట్టి పలకను మాత్రమే ముందు కూర్చోబెట్టు. పళ్లెం పక్క గొట్టం పలకను గట్టిగా ఆనేదాకా ఆగవద్దు. అక్కడ వెంట్రుక వాసి సందున్నా రంజకం జారి తాళం లోపల పడుతుంది. తరువాత ఒక్కొక్క భాగాన్నీ తిరిగి చేర్చి, దానికి కావలసినంత చోటే తవ్వు. కొత్తవారు చాలామంది లోపలంతా గుల్ల చేసేస్తారు, ఆపైన మణికట్టు బలం పోతుంది. రంధ్రాన్ని తాళం పూర్తిగా కుదిరాక, అన్నిటికంటే చివర, అంగుళంలో పదహారో వంతుకు మించకుండా వేయి.

గొట్టాన్ని కర్రకు పట్టి ఉంచే సన్నని మేకుల కోసం గొట్టం కింది చెవుల్లో (మేకు దూర్చడానికి అతికిన చిన్న ముక్కల్లో) గుండ్రని రంధ్రాలు కాక, పొడుగు రంధ్రాలు తీయాలి. ఇక్కడి వేసవి తేమకు కర్ర ఉబ్బుతుంది, చలికాలం హీటర్ల వేడికి ఎండుతుంది. ఆ కదలికకు చోటివ్వకపోతే గొట్టం వంగి గురి మారుతుంది.

ఇప్పుడు కర్ర తీయడం. లోహమంతా కుదిరేసరికి చేతిలో ఉన్నది చూడ్డానికి తుపాకీలాగే ఉంటుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు. ఇంకా ఎంతో కర్ర పోవాలి. బొబ్బిలిలో పనస దుంగ నుంచి వీణ తీసేవారు గోడను పలుచన చేసేకొద్దీ ధైర్యం పెంచుకున్నట్టు, నీవూ ఇక్కడ ధైర్యం తెచ్చుకోవాలి. గొట్టం పక్కన మిగిలే అంచు అంగుళంలో ఎనిమిదో వంతు కంటే తక్కువే ఉండాలి. తాళం చుట్టూ చదునైన భాగం సన్నని పట్టీలా మిగలాలి, దిమ్మలా కాదు. మణికట్టు గుండ్రంగా కాక, కొద్దిగా నిలువు కోడిగుడ్డు ఆకారంలో ఉంటే పట్టు బాగుంటుంది. ముందు రంపం, ఆ తరువాత ముతక ఆకురాయి, చివరికి ఉక్కు గీకుడు రేకు. గరుకు కాగితాన్ని దాదాపుగా ముట్టకు, అది పదునైన అంచులన్నిటినీ అరగదీస్తుంది. లైటు ఆపి, కిటికీ నుంచి పక్కగా వచ్చే వెలుతురులో తుపాకీని తిప్పి చూడు, నీడ విరిగిన చోటల్లా గడ్డ ఉన్నట్టు. గరాజు నిండా పొట్టు పడుతుంది; మీ అత్తయ్య లాగా నీ భార్య కూడా అంటుంది, పడు.

చెక్కడం సంగతి తక్కువగానే చెబుతాను. మొదటి తుపాకీకి గొట్టం తోక (బిరడా నుంచి వెనక్కి సాగి కర్రకు బిగిసే పట్టీ) వెనుక చిన్న లత, మడమ కింద ఒక గీత, సాదా ఇత్తడి పెట్టె చాలు. ఇత్తడి మీద చెక్కడం అభ్యాసం లేనిదే చేస్తే అన్నిటికంటే ముందు అదే కంటికి కొడుతుంది, కాబట్టి పాత రేకుల మీద బాగా సాధన చేసినదాకా ఖాళీగా వదిలేయి.

రంగుకు ఇక్కడివారు వాడేది నత్రికామ్లంలో ఇనుము కరిగించిన ద్రావకం, అదే గుణమున్న ఫెర్రిక్ నైట్రేట్ పొడి కూడా దొరుకుతుంది. ముందు కర్రను తడిపి, లేచిన నూగును ఆరిన తరువాత గీకేయి. ద్రావకం పూయగానే కర్ర పాలిపోయి ఆకుపచ్చగా మారుతుంది, కంగారు పడకు. వేడిగాలి ఊదే పనిముట్టుతో (హీట్ గన్) సెగ చూపిస్తే ఆ పచ్చదనం నీ కళ్లముందే ఎర్రని గోధుమరంగులోకి తిరిగి, చారలు లోపలి నుంచి మెరుస్తాయి. చేతితొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని ఆరుబయటే చేయాలి. ఆ తరువాత వంట సోడా కలిపిన నీటితో తుడిచి, ఆరాక అవిసె నూనెను పలుచగా, ఒక పూత పూర్తిగా ఆరాకే మరొకటి చొప్పున పట్టించు.

తొలి పేలుడుకు ముందు అనుభవమున్నవారి చేత తుపాకీని పరీక్ష చేయించు. ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్‌లో 1933 నుంచి ఉన్న మజిల్ లోడింగ్ రైఫిల్ సంఘం పోటీలకు వెళ్లితే చూసి చెప్పేవారు దొరుకుతారు. తుపాకీని భుజాన కాక, బల్లకు కట్టి, దూరం నుంచి తాడుతో లాగి మొదటి గుండ్లు పేల్చాలి. నల్ల తుపాకీమందు తప్ప ఆధునిక పొగరాని మందును ఒక్క చిటికెడు కూడా వాడకూడదు, దాని ఒత్తిడికి ఈ గొట్టం పగిలిపోతుంది. గుండు మందును ఆనుకునేదాకా దిగిందని తెలిసేలా దట్టించే కర్ర మీద ఒక గీత పెట్టుకో. పేల్చిన రోజే వేడి నీటితో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించు. నల్ల తుపాకీమందు మసి తేమను పీల్చి రాత్రికి రాత్రే తుప్పు తెస్తుంది.

గొట్టం పై పలక మీద నీ పేరు, చేసిన సంవత్సరం చెక్కు. డికర్ట్ నమూనా అయినా ఆయన పేరు వేయకు. రేపు నీ తరువాత ఇది ఎవరి చేతికి పోయినా, పాతదని చెప్పి అమ్ముకునే వీలుండకూడదు. బొమ్మ గీశాక నాకు పంపు, కర్ర కొనకముందే ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో,
నీ మామయ్య