పొలంలో మిగిలిన నీళ్లు నదిలో మిగిలినట్టేనా?

యలహంక, బెంగళూరు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రిపోర్టు చదివాను. మండ్య వైపు రైతులు డ్రిప్‌కి మారితే సగానికి దగ్గరగా నీళ్లు ఆదా అవుతాయనీ, ఆ ఆదా అంతా కావేరిలో ఉండిపోయి బెంగళూరు అవసరాలకు పనికొస్తుందనీ రాశావు. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండోది మాత్రం ఇంకా తేలాల్సిన లెక్క. ఇరిగేషన్ శాఖలో నా ఉద్యోగమంతా ఈ లెక్కల్లోనే గడిచింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క ప్రశ్న తేల్చుకో. ఇన్నాళ్లూ "వృథా" అయిన నీళ్లు ఎటు పోతున్నాయి? మండ్య పొలాలకు నీళ్లిచ్చే విశ్వేశ్వరయ్య కాలువ కింద వరి మడిలో ఇంకిన నీళ్లు పక్క రైతు బావిలో ఊరతాయి. మడి దాటినవి వాగులో పడి కింది చెరువుకు చేరతాయి, అక్కణ్ణుంచి మళ్లీ నదికి. కాలువకు నీళ్లు ఆపేసిన నాలుగు రోజులకు వెళ్లి వాగు చూడు. పైనుంచి చుక్క రాకపోయినా, గట్టు మొదట్లో మట్టి చెమ్మగా ఉండి సన్నటి ధార పారుతూనే ఉంటుంది. ఆ ధార మీద కింద ఎవరో ఒకరు మోటారు పెట్టుకునే ఉంటారు. నీ రిపోర్టులో ఆ మనిషి లేడు.

ఉదాహరణకి ఈ లెక్క చూడు, అంకెలు నేను వేసుకున్నవే. తూము నుంచి 100 వంతులు వదిలారు. పైరు 50 తాగింది, 15 ఊరికే ఆవిరైంది, 35 తిరిగి వాగుకు, బావులకు చేరింది. అంటే నిజంగా ఖర్చయింది 65. డ్రిప్ వేశాక 60 వదిలితే చాలు: పైరు 52 తాగుతుంది, 3 ఆవిరి, 5 తిరిగొస్తుంది. రైతు 40 ఆదా చేశానంటాడు, అతని లెక్క తప్పు కాదు. నదికి దక్కింది మాత్రం 65కీ 55కీ ఉన్న తేడా, 10. ఇక ఆ 40తో రైతు ఇంకో రెండెకరాలు సాగులోకి తెచ్చాడనుకో, పాత 100 వంతుల్లో 92 దాకా ఖర్చైపోతుంది. కిందివాళ్లకు 35 వచ్చేచోట 8 వస్తుంది. డ్రిప్ బాగా పనిచేసిన కొద్దీ నది తగ్గిపోవడం ఇలాగే జరుగుతుంది.

అందుకే పహాణీలు (ఏ భూమిలో ఏ పంట వేశారో రాసే రికార్డులు) తీసి, డ్రిప్ సబ్సిడీకి ముందూ తర్వాతా సాగు విస్తీర్ణం ఎంతో చూడు. ఒక పంట పోయి రెండు పంటలు వచ్చాయేమో, రాగి పోయి చెరకు వచ్చిందేమో అడుగు. ఇది ఆఫీసులో కూర్చుంటే తెలియదు, ఊళ్లో మడులకు నీళ్లు పంచే నీరుగంటిని అడిగితే తెలుస్తుంది. ఏ మడికి ఎప్పుడు నీళ్లు పెట్టారో అతను కాగితం చూడకుండా చెబుతాడు.

డ్రిప్ వద్దని నేననడం లేదమ్మా. కరెంటు మిగులుతుంది, ఎరువు కొట్టుకుపోదు, దిగుబడి పెరుగుతుంది. తిరిగొచ్చే నీళ్లు నెమ్మదిగా వస్తాయి, మందులూ ఎరువులూ మోసుకొస్తాయి. అదే నీరు కావేరి మీది కేఆర్‌ఎస్‌ (కృష్ణరాజసాగర్) డ్యాములో ఉంటే కావలసిన నెలలో వదులుకోవచ్చు. ఇవన్నీ రాయి. కానీ "నదిలో నీళ్లు పెరుగుతాయి" అనాలంటే సాగు విస్తీర్ణానికో, తోడే నీళ్లకో హద్దు ఉండాలి. ఆ హద్దు ఎవరు పెడతారో, ఎవరు కనిపెట్టుకుని ఉంటారో కూడా రాయాలి.

కావేరి విషయంలో ఇది ఇంకా ముఖ్యం. 2018 ఫిబ్రవరి 16 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, మామూలు సంవత్సరంలో రాష్ట్ర సరిహద్దులో నీళ్లు కొలిచే బిళిగుండ్లు దగ్గర తమిళనాడుకు 177.25 టీఎంసీలు చేరాలి. అక్కడికి వచ్చే నీళ్లలో ఇలా తిరిగొచ్చినవీ ఉంటాయి. పైన కోత పెట్టి దాన్ని ఆదా అంటే కింద గొడవ మొదలవుతుంది.

బెంగళూరు పేరాలోనూ ఇదే లోటు ఉంది. ఊళ్లకు ఇచ్చే తాగునీటిలో ఐదో వంతే ఖర్చవుతుందని, రాష్ట్రాల మధ్య నీటి తగవు తేల్చిన కావేరి ట్రిబ్యునల్ లెక్కగట్టింది. మిగతాది మురుగై తిరిగొస్తుంది. కానీ ఎక్కడికి? వృషభావతిలో పడ్డది అర్కావతి మీదుగా కావేరికే చేరుతుంది. బెళ్ళందూరు, వర్తూరు వైపు పడ్డది దక్షిణ పినాకినిలోకి, హోసూరు వైపు పోతుంది. అది వేరే నది. 2018 నుంచి కేసీ వ్యాలీ (కోరమంగల-చల్లఘట్ట లోయ) పథకంలో ఆ మురుగును శుద్ధి చేసి కోలారు చెరువులకు ఎత్తిపోస్తున్నారు. కోలారు రైతులకు, అందులో మన తెలుగువాళ్లెందరికో, అది నిజంగా మేలే. బోర్లలో నీళ్లు పైకి వచ్చాయి. దక్షిణ పినాకినిలో మాత్రం ఆ మేరకు తగ్గుతుంది, ఆ వరస కూడా నీ పట్టికలో ఉండాలి.

పట్టికను మళ్లీ గీసి పంపు. వదిలింది, పైరు తాగింది, ఊరికే ఆవిరైంది, తిరిగొచ్చింది, తిరిగొచ్చిన నీళ్లను వాడుకుంటున్నది ఎవరు: ఇలా ఐదు గళ్లు. చివరి గడి ఖాళీగా ఉన్న ఊళ్లకు మొదట వెళ్లు. వచ్చే వారం మండ్య వెళ్తానన్నావుగా, కాలువకు నీళ్లు ఆపే రోజు కనుక్కుని దాన్ని బట్టి టికెట్ తీసుకో.

మీ మామయ్య