మూలికలకు మూడు రూపాయల వడ్డీయా?

ప్రశ్న: సార్, నాకు కల్వకుర్తిలో మోటారు వైండింగ్ షాపు ఉంది. ఎండాకాలం, వానాకాలం సగటున నెలకు 18 వేలు మిగులుతాయి. ఇల్లు, పిల్లల ఫీజులు, చిట్టీకి 17 వేలు పోతాయి. నా భార్యకు 44 ఏళ్లు. రొమ్ము కాన్సర్, రెండో స్టేజ్ అన్నారు. ఆరోగ్యశ్రీ మీద హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. ఎనిమిది కీమోల్లో మూడు అయ్యాయి. ట్రిప్పుకు 3,500 దాకా ఖర్చవుతోంది. కీమో తర్వాత నాలుగు రోజులు ఆమె లేవలేకపోతోంది, రాత్రిళ్లు నిద్ర లేదు. మా బావమరిది ఒక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. నల్లమల మూలికలతో ఆరు నెలల కోర్సుకు 1,80,000 అడిగాడు. కీమో ఆపితేనే మందు పట్టుద్ది అన్నాడు. శాంపిల్‌గా ఇచ్చిన డబ్బా ఫోటో పంపుతున్నాను. ఇంటి ఖర్చులకు కూడా కలిపి 3 లక్షలు కావాలి. తెలిసినాయన నోటు, ఖాళీ చెక్కు మీద మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. లేదంటే పసుపు కుంకుమ కింద ఆమె పేరిట వచ్చిన ఎకరం అమ్మాలి. బ్యాంకులో 28 వేలు, ఐదు తులాల బంగారం, 13 నెలలు కట్టిన లక్ష రూపాయల చిట్టీ (20 నెలలది) ఉన్నాయి. అప్పు తెద్దామా, భూమి అమ్ముదామా?

జవాబు: రెండూ వద్దు. పాలమూరు, నల్లగొండ జిల్లాల నుంచి ఇలాంటి ఉత్తరం నెలకు ఒకటైనా వస్తుంది, అందుకే మీది అందరి ముందూ పెడుతున్నాను. వైద్యం ఆరోగ్యశ్రీలో నడుస్తుంటుంది, ఇల్లు మాత్రం అప్పులో మునుగుతుంటుంది. ఎందుకని లెక్క అడిగితే సగానికి పైగా డబ్బు ఆసుపత్రి బయటే పోయి ఉంటుంది.

మీ 3 లక్షల్లో 1,80,000 మూలికలకే. అది తీసేసి చూడండి. మిగిలిన ఐదు కీమోలకు ట్రిప్పుకు 3,500 చొప్పున 17,500. తర్వాత డాక్టర్ రేడియేషన్ రాస్తే మామూలుగా వారానికి ఐదు రోజులు, మూడు నుంచి ఐదు వారాలు. హైదరాబాద్‌లో చిన్న రూము, ఇద్దరి తిండి రోజుకు వెయ్యి అనుకున్నా 35 వేలు. షాపు మూసిన రోజులకు తగ్గే రాబడి ఇంకో 40 వేలు వేసుకోండి. అంతా కలిపినా లక్ష లోపే. మీకు కావాల్సింది 3 లక్షలు కాదు.

ఇక మూడు రూపాయల వడ్డీ. వినడానికి ఎంత చిన్నగా ఉంటుందో! 3 లక్షలకు నెలకు 9,000. అంటే షాపు మిగులులో సగం. రెండేళ్లలో వడ్డీ కిందే 2,16,000 కట్టి ఉంటారు, అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఏడాదికి 36 శాతం అని మీ ఫైనాన్సర్ చెప్పడు, ఎందుకంటే అలా చెబితే మీరు లేచి వచ్చేస్తారు. ఖాళీ చెక్కు ఇంకా దారుణం. దాని మీద అంకె రాసేది మీరు కాదు. అది బౌన్స్ అయితే కేసు, రెండేళ్ల దాకా జైలు పడే కేసు. ఇంట్లో మనిషి కీమోలో ఉంటే మీరు కోర్టు వాయిదాలకు తిరుగుతారా?

మా చిన్నాన్నకు నోటి కాన్సర్ వచ్చినప్పుడు మేమూ ఇదే చేశాం. కషాయాల కోసం ఐదు రూపాయల వడ్డీకి తెచ్చాం. ఆయన పోయాక నాలుగేళ్లకు గానీ ఆ నోటు వెనక్కి తెచ్చుకోలేకపోయాం. అందుకే ఈ విషయంలో నాకు ఓపిక తక్కువ, ఏమనుకోకండి.

మీరు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. డబ్బా మీద లేబుల్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, లైసెన్స్ నంబర్ లేదు. మూత మీద పెన్నుతో '41 రోజులు' అని, కింద ఒక ఫోన్ నంబర్. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా ఇంతకన్నా ఎక్కువ రాసి ఉంటుంది. కాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

నేను డాక్టర్‌ని కాను. అయినా కీమో ఆపమన్నాడంటే అది డబ్బు సమస్య కూడా. 2018లో అచ్చయిన యేల్ యూనివర్సిటీ పరిశోధనలో, అసలు వైద్యం వదిలి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే నమ్ముకున్నవాళ్లకు ప్రాణం పోయే ముప్పు రెండున్నర రెట్లు కనిపించింది. రొమ్ము కాన్సర్‌లోనైతే ఐదు రెట్లు దాటింది. మొక్కల మీద నాకు కోపం లేదు. మన పెరట్లో బిళ్ళ గన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు వచ్చింది. కానీ అది మిల్లీగ్రాముల లెక్కన, రక్త పరీక్ష చూసి ఎక్కించే మందు, దోసిట్లో పట్టి తాగే పసరు కాదు. ఏముందో తెలియని పొడి వల్ల లివర్ లెక్కలు పెరిగాయనుకోండి, కీమో డేట్ వాయిదా. 3,500 పెట్టి హైదరాబాద్ వెళ్లి ఊరికే తిరిగొస్తారు. యోగా, ప్రాణాయామం, భజన, ఆమెకు ఏది ఊరటనిస్తే అది డాక్టర్‌కు చెప్పి చేయనివ్వండి, వాటికి అప్పు అక్కర్లేదు. నిద్ర లేకపోవడం, వాంతులు కూడా చెప్పండి, వాటికి మందులున్నాయి. ఇద్దరిలో ఎవరికి గుండె బరువెక్కినా 14416కు ఫోన్ చేయండి, టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం.

భూమి సంగతి. ఈ మాట రాయడం కష్టంగానే ఉంది. పట్టా ఆమె పేర ఉంది, వయసు 59 లోపు, అంటే రైతు బీమా ఉంటుంది, పట్టా ఉన్న మనిషి పోతే ఇంటికి 5 లక్షలు. ప్రీమియం ప్రభుత్వమే కడుతోంది. ఎకరం అమ్మితే ఆ రక్షణ పోతుంది, ఇప్పుడు ఆమెకు ఏ కంపెనీ లైఫ్ ఇన్సూరెన్స్ ఇవ్వడం దాదాపు కుదరదు. వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) దగ్గరికి వెళ్లి ఆమె పేరు నమోదై ఉందో, నామినీ ఎవరో చూసుకోండి. ఈ పని ఆమె ముందు చర్చ పెట్టకుండా చేయండి.

మరి లక్ష ఎక్కడిది? బ్యాంకులో రెండు తులాల బంగారం తాకట్టు పెట్టండి. ఇప్పటి ధరకు లక్ష పైనే వస్తుంది, వడ్డీ ఏడాదికి 10 శాతం వేసుకున్నా నెలకు 830 చిల్లర. బంగారం మీద ఆమెకు బెంగ ఉంటుంది, అమ్మడం లేదని చెప్పండి. చిట్టీ ఇప్పుడే పాడొద్దు, ఏడు నెలలే ఉంది, రేడియేషన్ నాటికి పాడితే నష్టం తక్కువ. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది, ప్యాకేజీలో ఉన్నదానికి ఎవరైనా డబ్బు అడిగితే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను నిలదీయండి, 104కు చెప్పండి. బయట కట్టిన ఒరిజినల్ బిల్లులు దాచండి, సీఎం రిలీఫ్ ఫండ్‌కు అక్కరకు రావచ్చు. ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆమెకు ప్రయాణం ఉచితం, ఆధార్ మర్చిపోకండి.

ఇక నా పాత పాట, అత్యవసర నిధి. మీ 28 వేలు రెండు నెలలకు కూడా చాలవు. ఆరోగ్యశ్రీ ఆపరేషన్‌కు ఇస్తుంది, మూసిన షాపుకు ఇవ్వదు. ఫేజ్ పోయి మోటారు కాలాక రైతు మీ దగ్గరికి ఉరుకుతాడు. ఫేజ్ పోగానే మోటారును ఆపే ప్రివెంటర్ పెట్టించుకోమని పోయినేడాదే చెప్పి ఉంటారు, ఖర్చు దండగ అని ఉంటాడు. అత్యవసర నిధి అలాంటిదే, కానీ అది మీ ఇంట్లో లేదు. యాసంగిలో మోటార్లు వరసగా కాలే మూడు నెలలు రోజుకు 200 విడిగా వేరే బ్యాంకు ఖాతాలో వేయండి, ఏటీఎం కార్డు తీసుకోకండి. బంగారం విడిపించాక చిట్టీ వాయిదా సొమ్ము కూడా అందులోకే. లక్ష అయ్యేదాకా బైకు మార్చడం, ఫోన్ కొనడం ఏదీ వద్దు. మీకూ పిల్లలకూ ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే అందరికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా, తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ లేదు. ఫారంలో ఇంట్లో కాన్సర్ ఉందా అని అడిగితే దాచకండి.

బావమరిదితో గొడవ పడకండి, ఆయనా అక్క బతకాలనే తిరుగుతున్నాడు. వచ్చే కీమోకు ఆయన్నూ వెంట తీసుకెళ్లండి. ఆ డబ్బా కూడా సంచిలో వేసుకుని డాక్టర్ టేబుల్ మీద పెట్టండి.