వాగు నుంచి గుట్ట మీదికి ఒకే లైన్లో రెండు పంపులు: రెండో పంపుకి సక్షన్ హెడ్ ఎంత దొరుకుతుంది?

ఒడిశాలోని సెమిలిగూడ దగ్గర వాగు ఒడ్డున ఒక 5 హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారు, పంపు ఒకే బాడీలో ఉండేది), దానికి 24 మీటర్ల ఎత్తున, 150 మీటర్ల పైపు అవతల అలాంటిదే ఇంకోటి, మొత్తం 75 ఎంఎం లైను. రెండోది వేయగానే లోపల గులకరాళ్లు తిరిగినట్టు చప్పుడు. ఇదీ మీ సమస్య. హెడ్ అంటే మీటర్ల ఎత్తు నీటితో కొలిచిన ఒత్తిడి; సక్షన్ హెడ్ అంటే పంపు నోటి దగ్గర, నీళ్లు ఆవిరి కాకుండా మిగిలే ఒత్తిడి.

రెండు పంపులు వరసలో పెడితే ఎక్కువ లోతు నుంచి లాగుతాయన్నది భ్రమ. మొదటి పంపుకి దొరికేది గాలి ఒత్తిడి ఒక్కటే. అది ఘాటు కింద సాలూరులో 10.2 మీటర్ల ఎత్తు నీటితో సమానం. ఘాటు ఎక్కి 870 మీటర్ల ఎత్తుకి వస్తే 9.3. కింద బాగా నడిచిన పంపు పైన మొరాయించేది ఇందుకే.

మొదటి పంపుకి: 9.3లోంచి లిఫ్టు (వాగు నీటి నుంచి పంపు దాకా ఎత్తు) 4, ఫుట్‌వాల్వు, పైపు రాపిడి 1, ముప్పై డిగ్రీల నీటి ఆవిరి పీడనం 0.4 తీసేస్తే 3.9 మీటర్లు. మీ పంపు చార్టులో అడిగేది 3. కనీసం అర మీటరైనా మిగలాలి కాబట్టి ఫరవాలేదు.

రెండోదానికి లెక్క మళ్లీ వాగు నీటిమట్టం నుంచే. సెకనుకి 6 లీటర్ల దగ్గర మొదటి పంపు ఇచ్చే హెడ్ 30, మధ్య పైపు రాపిడి 4.5. ఎత్తు 4 + 24 = 28, మొత్తం రాపిడి 1 + 4.5 = 5.5. 9.3 + 30 − 28 − 5.5 − 0.4 = 5.4 మీటర్లు. కాగితం మీద భేషుగ్గా ఉంది. కానీ లెక్కలోంచి గాలి ఒత్తిడి 9.3, ఆవిరి పీడనం 0.4 రెండూ పక్కన పెట్టి చూడండి: గేజీ సున్నాకి దిగువన, మూడున్నర మీటర్ల వాక్యూమ్. గ్లాండులోంచి (షాఫ్టు చుట్టూ ఉండే సీలు), జాయింట్లలోంచి గాలి పీలుస్తుంది. మెత్తటి హోసు వేసి ఉంటే నొక్కుకుపోతుంది.

అసలు తప్పు ఇంకో చోట. పై గేటువాల్వు పూర్తిగా తెరిస్తే రెండో పంపు సెకనుకి 7.5 లీటర్లు లాగబోతుంది. అక్కడ మొదటి పంపు హెడ్ 25కి పడిపోతుంది, మొత్తం రాపిడి 8.3కి పెరుగుతుంది. అదే లెక్క ఇప్పుడు −2.4 వస్తుంది. అంటే అంత నీళ్లు రానే రావు, ముందే ఆవిరి బుడగలైపోతాయి. చప్పుడు అదే, ఇంపెల్లరు (పంపు లోపల తిరిగే చక్రం) గుంటలు పడేదీ దానివల్లే. నేమ్‌ప్లేటు మీది హెడ్ పట్టుకుని లెక్క వేస్తే ఇది కనపడదు.

రెండో పంపుని కిందికి దించండి. 14 మీటర్ల ఎత్తులో, 90 మీటర్ల పైపు దగ్గర పెడితే 6 లీటర్లకి ఇన్‌లెట్లో 0.8 కేజీ (చదరపు సెంటీమీటరుకి; 1 కేజీ అంటే సుమారు 10 మీటర్ల హెడ్), 7.5కి కూడా 0.1 కేజీ మిగులుతుంది. పై ట్యాంకుకి వచ్చే నీళ్లు తగ్గవు, రెండు హెడ్లూ ఎక్కడున్నా కలుస్తాయి. అయితే రెండో పంపు దాటాక పైపు మీద ఒత్తిడి పెరుగుతుంది, అక్కడ 10 కేజీల క్లాసు పైపు వేయండి.

ఇన్‌లెట్లో వాక్యూమ్ కూడా చూపే కాంపౌండ్ గేజీ పెట్టండి. మొదటిది వేసి, గేజీ లేచాకే రెండోది. ఆపేటప్పుడు రెండోది ముందు. నీళ్లు తగ్గించాలంటే పై డెలివరీ వాల్వు తిప్పండి, సక్షన్ వైపు వాల్వు జోలికి పోవద్దు. 200 లీటర్ల డ్రమ్ము 33 సెకన్లలో నిండితే 6 లీటర్లు వస్తున్నట్టు.