ఒత్తుల్లేని మెసేజ్‌లు దిద్దకు

చి. బుజ్జికి,

ఫోన్లో పేరుకుపోయిన మెసేజ్‌లతో పుస్తకం చెయ్యాలనుందని రాశావు. "ఇందులో నేను రాసింది ఒక్క ముక్కా లేదు, నా పుస్తకం ఎలా అవుతుంది పెద్దమ్మా?" అని అడిగావు. 1963లో ఎడ్ రుషే అనే అమెరికా చిత్రకారుడు దారిలో కనిపించిన 26 పెట్రోలు బంకుల ఫొటోలు తీసి, బంకు పేరు, ఊరు తప్ప ఇంకేం రాయకుండా చిన్న పుస్తకం వేశాడు. మొదటిసారి 400 కాపీలే. ఏది ఉంచాలి, ఏది దేని తర్వాత రావాలి అన్నదే అక్కడ ఆయన పని. నీదీ అంతే.

నా మొదటి పుస్తకాన్ని నేనే పాడుచేసుకున్నాను. మా చెల్లెలు ఒత్తులు వెయ్యదు. "వస్తునా", "తినావా", "నిద్ర పటలేదు" అని పంపుతుంది. నేను పెద్దరికం కొద్దీ అన్నీ చక్కగా దిద్ది అచ్చు వేశాను. అది తెరిచి చూసి, "ఇవెవరివే?" అంది. అందుకే తప్పులు దిద్దకు. టైమ్ కూడా తీసెయ్యకు.

అన్నీ పోగెయ్యకుండా ఒక్క రకమే ఏరుకో. ఉదాహరణకి దారిలో ఉన్నామని చెప్పే మెసేజ్‌లు. ఒక పేజీలో 6:10, "బయల్దేరా". తిప్పితే 6:25, "దారిలో ఉన్నా". మళ్లీ తిప్పితే 6:40, "తాళంచెవి ఎక్కడ పెట్టావ్?" ఈ మూడూ ఒకే పేజీలో ఉంటే నవ్వు రాదు. పేజీ తిప్పే ఆ క్షణం మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నాడని చెబుతుంది.

స్క్రీన్‌షాట్లు అతికించాలనే ఆశ నాకూ ఉండేది. 1080 పిక్సెళ్ల వెడల్పున్న స్క్రీన్‌షాట్ 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చు వేస్తే, తొమ్మిది సెంటీమీటర్లే వస్తుంది, లాగితే మసకబారుతుంది. చాట్‌ని టెక్స్ట్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకో. మీడియా లేకుండా తీస్తే ఫొటో ఉన్నచోట అది లేదని చెప్పే లైనొకటి వస్తుంది. ఆ లైను పారెయ్యకు, దానికో పేజీ ఇచ్చి మిగతాదంతా ఖాళీగా వదిలెయ్. నా మటుకు నాకు అవే మంచి పేజీలు.

పాత ఎస్సెమ్మెస్‌లు దొరికితే ఇంకా బాగు. ఇంగ్లిష్ అక్షరాలు 160 పట్టే చోట తెలుగువి 70 మాత్రమే పడతాయి, గుణింతం గుర్తు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పేజీకి 70 అని నువ్వూ నియమం పెట్టుకుని చూడు.

ఇక కుట్టు. ఏ4 కాగితాలు ఐదు మడిస్తే 20 పేజీలు, మొదటిదానికి అది చాలు. కాగితాన్ని అటూ ఇటూ మెల్లగా వంచి చూసి, సులువుగా వంగే వైపే మడత పెట్టు. మడత మీద మూడు చిల్లులు పొడువు. మైనం రాసిన దారం పుస్తకం ఎత్తుకు రెండున్నర రెట్లు తీసుకో. సూది లోపలి నుంచి నడిమి చిల్లులో బయటికి తియ్యి, పై చిల్లులోంచి లోపలికి, అక్కణ్నుంచి నడిమిదాన్ని దాటేసి కింది చిల్లులో బయటికి, మళ్లీ నడిమి చిల్లులోంచి లోపలికి. లోపలున్న పొడుగు దారానికి చెరోపక్క కొసలు ఉంచి ముడి వెయ్యి. లాగడం మడత వెంబడే లాగు, అడ్డంగా లాగితే కాగితం చిరుగుతుంది.

ఒకటి మరిచిపోకు: ఎవరి మాటలైతే తీసుకున్నావో వాళ్లను అడుగు. పేర్లు, ఫోన్ నంబర్లు, ఓటీపీలు తీసెయ్. వద్దన్నవాళ్లతో వాదనకు దిగకు.

ముందు మామూలు కాగితంతో డమ్మీ ఒకటి కుట్టి పంపు. నా మెసేజ్‌లు వాడుకోవడానికి ఇప్పుడే ఒప్పుకుంటున్నా. రాత్రి రెండింటికి పంపినవి మాత్రం వద్దు.

పెద్దమ్మ