గోపురం మెట్లెక్కే ముందు

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. మీ ఊరి చర్చి గడియారం ఆగిపోయి చాలా ఏళ్ళయిందనీ, ఇంజనీరువి కదా చూసిపెట్టమని నిన్ను అడిగారనీ చెప్పినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో. ఇంగ్లండు వచ్చిన కొత్తలో నేను మొదటిసారి ఎక్కిన గోపురం కళ్ళముందు మెదిలింది. ఫోన్‌లో తొందరగా మాట్లాడుకున్నాం, అందుకే మిగిలినవి రాస్తున్నాను.

ముందు ప్రాణం సంగతి. అక్కడ గంటలు మోగించే బృందం ఉందన్నావు. వాళ్ళు ఒక్కోసారి గంటల్ని మూతి పైకి ఉండేలా నిలబెట్టి వదిలేస్తారు. అప్పుడు తాడు లాగితే చాలు, అంత బరువు గంటా తిరగబడి మనిషిని లాక్కుపోతుంది. గంటలు మూతి కిందికి దించే ఉన్నాయని వాళ్ళ కెప్టెన్ నోటితో చెప్పేదాకా గంటల గదిలో అడుగు పెట్టకు. గడియారం బరువులు పైన వేలాడుతుండగా ఒక్క బోల్టు కూడా విప్పకు. 1976 ఆగస్టు 5న లండన్‌లో బిగ్ బెన్ గడియారానికి ఏమైందో చదువు. గంటలు కొట్టే వేగాన్ని అదుపులో ఉంచే రెక్కల ఇరుసు, లోపల కనపడని పగులుతో విరిగిపోయింది. టన్నుకు పైగా బరువు ఒక్కసారిగా కిందికి దూసుకొచ్చి, యంత్రం ముక్కలై గదంతా చెల్లాచెదురైంది.

ఇక అసలు సంగతి. దాన్ని నడిపించాలన్న ఆలోచన మొదటి నెలంతా పక్కన పెట్టు. తల్లీ, ముందు దాన్ని చదువు. ఫ్రేము పక్షి పంజరంలా నిలువు కడ్డీలతో ఉంటే బాగా పాతది అయ్యుండొచ్చు. బల్లలా అడ్డంగా పరిచిన ఇనుప దిమ్మె మీద చక్రాలు వరసగా ఉంటే 19వ శతాబ్దం నడుమనో ఆ తర్వాతో చేసినది. యంత్రం మీదే సమయం సరిచూసుకోవడానికి ఒక చిన్న డయల్ ఉంటుంది, పేరూ ఏడాదీ చాలాసార్లు దానిమీదే దొరుకుతాయి. డెర్బీ స్మిత్, లీడ్స్ పాట్స్, విట్‌చర్చ్ జాయిస్, ఇలా గడియారాలు చేసిన కంపెనీల పేర్లు. అయితే పేరు కనపడగానే నమ్మేయకు. ఊళ్ళో గడియారాల షాపాయన వేరేచోట చేయించి తన పేరు వేసుకోవడం ఆ రోజుల్లో మామూలే.

ఫ్రేములో పనికిరాని రంధ్రాలు, పూడ్చిన రంధ్రాలు కనిపిస్తే ఒక్కొక్కటీ కొలిచి కాగితం మీద గీసుకో. ఒకప్పుడు అక్కడ వేరే భాగం ఉండేదని అవి చెబుతాయి. సాల్స్‌బరీ కేథడ్రల్‌లోని ఇనుప గడియారం 1386 నాటిదని అంటారు. దానికి డయలే లేదు, గంట కొట్టడమే దాని పని. లోలకం దానికి తర్వాతి కాలంలో తగిలించారు. 1956లో ఆ లోలకం తీసేసి మళ్ళీ పాత పద్ధతిలోకి మార్చారు. నన్నడిగితే తీయకూడదనే అంటాను. వందల ఏళ్ళు ఆ లోలకంతోనే నడిచింది, అదీ దాని చరిత్రే కదా.

కౌంటీ రికార్డు ఆఫీసులో చర్చి వార్డెన్ల, అంటే చర్చి బాగోగులు చూసేవాళ్ళ, జమాఖర్చుల పుస్తకాలు అడుగు. గడియారానికి నూనె, తాడు, కీ తిప్పే మనిషికి ఏడాదికిచ్చిన జీతం, అన్నీ రాసి ఉంటాయి. ఆ జీతం ఏ ఏడాది మొదలైందో చూస్తే గడియారం వయసు సగం తేలినట్టే. పాత డయళ్ళకు గంటల ముల్లు ఒక్కటే ఉండేది, లింకన్‌షైర్‌లో కోనింగ్స్‌బీ చర్చికి ఇప్పటికీ అంతే. మీ డయల్ మీద గంటకూ గంటకూ మధ్య నాలుగే భాగాలు ఉంటే అదీ ఒకప్పుడు ఒంటి ముల్లుదే అయ్యుండొచ్చు, నాకు వెంటనే ఫోన్ చెయ్యి.

ఇప్పుడు నా తప్పొకటి చెబుతాను, నువ్వు చేయకూడదని. నా మొదటి గడియారానికి చెక్క పెట్టె ఉండేది. లోపలి పలకల మీద దుమ్ము, మసి. సబ్బునీళ్ళతో శుభ్రంగా తుడిచేశాను. సగం తుడిచాక గమనించాను, అవి పెన్సిలు రాతలని. కీ తిప్పినవాళ్ళ పేర్లు, చలికి ఆగిపోయిన రోజులు, ఎవరిదో అంత్యక్రియలకు గంట కొట్టిన తేదీ. మిగిలిన సగం ఇప్పటికీ ఉంది. పోయిన సగం ఏ పుస్తకంలోనూ లేదు. అది తలచుకుంటే నాకు ఇవాళ్టికీ మనసు మనసులో ఉండదు. తుడిచే గుడ్డ చేతికి తీసుకోకముందే ప్రతి పలకనూ పక్కనుంచి టార్చి వేసి చూసి ఫొటో తియ్యి.

వైరు బ్రష్షు వద్దు. పాత రంగులో సీసం ఉంటుంది, గీకకు. పావురాల రెట్టల దగ్గర మాస్కు తప్పనిసరి. నూనె ఇరుసుల కొసలకు ఒక్క చుక్క చాలు, చక్రాల పళ్ళకు అసలు వద్దు, దుమ్ము పట్టి అరిగిపోతాయి. ముల్లును వెనక్కి తిప్పకు. కరెంటు మోటారు పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకో, కానీ పాత బరువులూ, వాటి తాడు చుట్టే డ్రమ్మూ గోపురంలోనే ఉండాలనీ, కొత్త రంధ్రం ఒక్కటీ వేయకూడదనీ పట్టుబట్టు. ఏ పనికైనా ముందు డయోసిస్ (బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) గడియారాల సలహాదారుతో మాట్లాడు. ఫ్యాకల్టీ, అంటే చర్చిలో మార్పులకు డయోసిస్ ఇచ్చే అనుమతి, కావాలో వద్దో ఆయనే చెబుతారు. దీనికి టెన్షన్ పడకు, వాళ్ళు మన మంచికే ఉన్నారు.

ఈ ఆదివారం చిన్న డయల్ ఫొటో, లోలకం పొడవు పంపు. సుమారు మీటరుంటే ఒక్కో ఊపుకు ఒక సెకను, నాలుగు మీటర్లుంటే రెండు సెకన్లు. అది తెలిస్తే ఏ పనిముట్లు తేవాలో చూసుకుంటాను. ఏప్రిల్‌లో వస్తున్నాను. టార్చిలు రెండు పట్టుకెళ్ళు, మెట్ల మధ్యలో ఒకటి ఆరిపోతే రెండోది కావాలి.

ప్రేమతో,
పెదనాన్న