బుజ్జీ, పైథాన్ పుస్తకం కొనేముందు ఇది చదువు

బుజ్జీ,

నువ్వు పైథాన్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటానంటున్నావని రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నా తర్వాత మనింట్లో ఇంకొకత్తి ఇటు వస్తోందని పొంగిపోయా, అంతలోనే ఆదివారం అబిడ్స్ వెళ్ళి పాత పుస్తకాలు తెచ్చుకుంటుందట అనేసరికి నా గుండె గుభేల్మంది.

లాప్‌టాప్‌లో పైథాన్ 3 వేసుకో, రోజూ గంట కూర్చో, ఇవి నీకు చెప్పక్కర్లేదు.

నా కథ విను. 1998లో అదే ఫుట్‌పాత్ మీద 60 రూపాయలకి ఇటుకంత సీ భాష పుస్తకం కొన్నా. ప్రతి ప్రోగ్రామూ కోనియో డాట్ హెచ్ అనే ఫైల్‌ని పిలవడంతో మొదలు, చివర్న కీ నొక్కేదాకా ఆగే గెట్‌సీహెచ్. సీ ప్రోగ్రాములు నడిపే టర్బో సీ అనే సాఫ్ట్‌వేర్‌లో అన్నీ నడిచేవి, సీ అంటే ఇదే అనుకుని బట్టీ కొట్టేశా. తీరా ఉద్యోగంలో యూనిక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టం ఉన్న మెషిన్ ముందు కూర్చోబెడితే ఆ ఫైలే లేదని మొదట్లోనే ఎర్రర్! స్పెల్లింగ్ తప్పేమోనని నాలుగుసార్లు కొట్టా. కోనియో అసలు సీ స్టాండర్డ్‌లోది కాదు, పాత పీసీల్లో ఉండే డాస్ సిస్టం కంపైలర్లతో (టర్బో సీ లాంటివి) వచ్చేదని ఆ పుస్తకంలో ఒక్క ముక్క లేదు. పక్క కుర్రాళ్ళు నవ్వుతుంటే బాత్రూంలోకెళ్ళి ఏడ్చా, ఇది మీ అమ్మక్కూడా తెలీదు. సాయంత్రం మా సీనియర్ మేడం ఏమీ అనకుండా కెర్నిగన్, రిచీ రాసిన సీ పుస్తకం నా టేబుల్ మీద పెట్టెళ్ళింది. 1988 నాటి రెండో ఎడిషన్, 300 పేజీలు కూడా లేవు. నాదానికన్నా పాతదే కానీ రాసినవాళ్ళలో రిచీ అంటే సీని పుట్టించినాయనే మరి, అందులో ఉన్నది భాష, నాదాంట్లో ఉన్నది టర్బో సీ.

ఇప్పుడు నీ సంగతి. ఫుట్‌పాత్ మీద పాత వెర్షన్ పైథాన్ 2 పుస్తకాలుంటాయి, దానికి 2020 జనవరి 1తోనే సపోర్ట్ ఆపేశారు. కొనేముందు ఓ పేజీ తెరిచి చూడు, ప్రోగ్రాముల్లో ప్రింట్ అనే మాట పక్కన బ్రాకెట్ లేదా, అది పైథాన్ 2దే, అక్కడే పెట్టేసి వచ్చెయ్. ఆలెన్ డౌనీ గారి థింక్ పైథాన్ మంచిదే, కానీ 2012 నాటి మొదటి ఎడిషన్ పైథాన్ 2ది, 2015 నాటి రెండో ఎడిషన్, ఆ తర్వాతవే చూడు. అయినా ఆయన సైట్లో ఫ్రీగా చదువుకోవచ్చు, కొనడమెందుకే పిచ్చిదానా! అది కాస్త బరువనిపిస్తే ఆల్ స్వైగార్ట్ రాసిన ఆటోమేట్ ద బోరింగ్ స్టఫ్ పట్టు, అదీ నెట్లో ఫ్రీనే, ఎక్సెల్ ఫైళ్ళతో పని నేర్పుతుంది, బీకాం పిల్లవి కదా నీకు బాగా ఎక్కుతుంది. రెండూ ఒకేసారి మొదలెట్టకు. రాత్రి లైటార్పేసి స్క్రీన్ చూడకు, నా కళ్ళజోడు నంబర్ తెలుసుగా.

ఫోన్‌పేలో కొంచెం డబ్బులు వేశా. పుస్తకానికి కాదు, మంచి టేబుల్ లైట్ కొనుక్కో. మీ నాన్నకి చెప్పకు.

మీ పెద్దమ్మ