సన్ యట్‌సేన్ మీద రాయబోయే నీకు

చిరంజీవికి,

నీ వ్యాసం ఆసాంతం చదివాను. మొదటి పేరాలోనే సన్ యట్‌సేన్‌ను 'చైనా జాతిపిత' అని తేల్చేసి, తర్వాతంతా ఆ బిరుదుకు సాక్ష్యాలు పోగేశావు. ఆ బిరుదు ఆయన పోయిన 15 ఏళ్లకు, 1940లో, ఆయన పార్టీ గువోమిండాంగ్‌కు తర్వాత నాయకుడైన చియాంగ్ కై షేక్ ప్రభుత్వం ఉత్తర్వు వేసి ఇచ్చింది; ఆ ప్రభుత్వమే 1949లో కమ్యూనిస్టుల చేతిలో ఓడి తైవాన్ చేరింది. బీజింగ్‌లోని కమ్యూనిస్టు ప్రభుత్వం ఆయన్ని విప్లవానికి ముందు నడిచినవాడంటుందే గానీ జాతిపిత అనదు. కాబట్టి ముందు ఆ పేరా కొట్టెయ్.

తర్వాత తేదీలు సరిచూసుకో. రాచరికాన్ని కూల్చిన విప్లవానికి నాంది పలికిన వూచాంగ్ తిరుగుబాటును ఆయనే నడిపించినట్టు రాశావు. 1911 అక్టోబర్ 10న సైనికులు తిరగబడినప్పుడు ఆయన అమెరికాలో ఉద్యమానికి చందాలు వసూలు చేస్తున్నాడు. డెన్వర్‌లో పేపరు చూసి సంగతి తెలుసుకున్నాడు. డిసెంబర్ 25న షాంఘైలో దిగాడు, 1912 జనవరి 1న నాన్‌జింగ్‌లో కొత్త రిపబ్లిక్‌కు తాత్కాలిక అధ్యక్షుడయ్యాడు. ఫిబ్రవరి 12న బాల చక్రవర్తి పుయీ గద్దె దిగితే, మర్నాడే ఈయన రాజీనామా ఇచ్చాడు. మార్చి 10న ఆ కుర్చీలో యువాన్ షికాయ్ కూర్చున్నాడు. ఉత్తరాది సైన్యం యువాన్ చేతిలో ఉంది, నాన్‌జింగ్ ఖజానాలో డబ్బు లేదు. ఈ రెండూ చెప్పకపోతే ఆ రాజీనామా పాఠకుడికి మహా త్యాగంగానో, పిరికితనంగానో కనిపిస్తుంది.

రెండు రాజ్యాంగాల పీఠికలు పక్కపక్కన పెట్టుకుని చదువు. తైవాన్‌లో ఇప్పటికీ నడుస్తున్నది 1947లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం. సన్ బోధనల ప్రకారమే దాన్ని రాసుకున్నామని పీఠికలోనే ఉంటుంది. చైనా 1982 రాజ్యాంగం కూడా ఆయన పేరెత్తి, ఆయన నాయకత్వంలో 1911 విప్లవం రాచరికాన్ని రద్దు చేసిందని ఒప్పుకుంటుంది. ఆ వెంటనే, సామ్రాజ్యవాదాన్నీ ఫ్యూడలిజాన్నీ కూలదోసే పని మాత్రం మిగిలిపోయిందంటుంది. ఆ మిగిలిన పనిని పూర్తిచేసిన ఘనత కమ్యూనిస్టు పార్టీ ఖాతాలో పడేది అక్కడే. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే, దీనికి రెండు పేజీలైనా ఇవ్వు.

ఆయన మాట ఏది ఎత్తి రాసినా పక్కన సంవత్సరం, సభ, అప్పటి అవసరం కూడా రాసిపెట్టుకో. 1924 ఉపన్యాసాల్లో, తన మూడు సూత్రాల్లో ఒకటైన ప్రజల జీవనోపాధి సూత్రాన్ని చెబుతూ అదే సోషలిజం, అదే కమ్యూనిజం అన్నాడు. అదే ఉపన్యాసాల్లో మార్క్స్ వర్గపోరాటాన్ని కాదన్నాడు. సోవియట్ సాయం అందుతున్న రోజులవి, కమ్యూనిస్టులను తన గువోమిండాంగ్ పార్టీలో చేర్చుకున్న ఏడాది అది. ఎవరికి కావలసిన ముక్క వాళ్లు కోసుకుపోయారు. జాతుల విషయమూ అంతే. 1912లో హాన్, మంచు, మంగోల్, ముస్లిం, టిబెటన్ అయిదు జాతులూ ఒకే దేశమన్నాడు. 1920 దాటేసరికి మిగతావాళ్లు హాన్‌లలో కలిసిపోయి ఒకే జాతి కావాలన్నాడు. నువ్వు మొదటి మాట ఒక్కటే రాశావు, అది న్యాయం కాదు.

నియంతృత్వం సంగతి నువ్వు బొత్తిగా దాటేశావు. సైనిక పాలన, పార్టీ శిక్షణలో పాలన, ఆ తర్వాతే రాజ్యాంగ పాలన అన్న మూడు దశల లెక్క ఆయనదే. చియాంగ్ ఏకపార్టీ పాలనకు అది ఆసరా అయింది. తైవాన్‌లో 1949 నుంచి 1987 దాకా నడిచిన సైనిక శాసనానికి ఆయన్ని దోషిని చెయ్యలేం. అయినా 1914లో జపాన్‌లో పార్టీ పెట్టినప్పుడు, సభ్యులు తనకు విధేయులమని ప్రమాణం చేసి వేలిముద్ర వెయ్యాలని పట్టుబట్టాడు. చిరకాల సహచరుడు హువాంగ్ షింగ్ ససేమిరా అన్నాడు. ఆ వేలిముద్ర నీ వ్యాసంలోకి రావాలి.

చివరగా చెన్ జియోంగ్‌మింగ్, గ్వాంగ్‌డాంగ్‌లో సన్‌కు అండగా ఉండి తర్వాత ఎదురుతిరిగిన సేనాని. గ్వాంగ్‌డాంగ్ నుంచి దండెత్తి దేశాన్ని ఏకం చేద్దామని సన్, రాష్ట్రాల సమాఖ్య కావాలని చెన్. 1922 జూన్‌లో చెన్ మనుషులు సన్ నివాసంపై దాడి చేశారు. నువ్వు చెన్‌ని 'ద్రోహి' అని ఒక్క మాటతో సరిపెట్టావు. గువోమిండాంగ్ చరిత్ర, కమ్యూనిస్టు చరిత్ర ఇద్దరూ అదే మాట అంటున్నారంటే, అక్కడ ఇంకాస్త తవ్వాలి. సమాఖ్య గురించి చెన్ ఏమన్నాడో వెతికి, ఆ భాగం మళ్లీ రాసి పంపు. మిగతాది ఆ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో.